వరసలో రెండో మండలం

పాటన్,
నేపాల్ సంవత్ 1067, జ్యేష్ఠ శుద్ధ దశమి

చిరంజీవి అష్టమాన్‌కు వదిన తీర్థలక్ష్మి ఆశీస్సులు.

మీ అన్నయ్య ఎక్కడున్నారో రాయి. మిగతా సంగతులన్నీ తరవాత.

ల్హాసా కొట్టు నీకప్పగించి ఫాల్గుణంలో బయలుదేరుతున్నానని ఆయనే రాశారు. కంచరగాడిదలు ఎంత మెల్లగా నడిచినా చైత్రం ఆఖరికి ఇంట్లో ఉండాలి. వైశాఖంలో రథం కట్టారు, లాగారు, ఊరంతా తిరిగింది. ఆయన రాలేదు. ఏడేళ్ళ తరవాత వస్తున్న మనిషి కదా, దారిలో ప్రతి సావుకారు ఇంట్లోనూ ఆగి కబుర్లు చెబుతున్నారేమోనని మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అత్తయ్య పొద్దున లేవగానే కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. కళ్ళు సరిగ్గా ఆనవు కనక వీధి మలుపులో ఎవరు కనబడ్డా "వాడేనా?" అని కేశరిని అడుగుతారు. వాళ్ళ నాన్న వెళ్ళేటప్పటికి కేశరికి రెండేళ్ళు. దానికేం తెలుసు? నిన్న నా దగ్గరికొచ్చి "నాన్నెలా నడుస్తాడమ్మా? నాయనమ్మ అడిగితే చెప్పాలి కదా" అంది. కాస్త ముందుకు వంగి పెద్ద పెద్ద అంగలేస్తారని చెప్పాను.

మా నాన్న పుస్తకాలు నకలు రాసే చేత్తోనే నాకూ అక్షరాలు దిద్దించాడు. అది మేలైంది. లేకపోతే ఈ మాటలు మీ పెదనాన్నగారికి చెప్పి రాయించుకోవలసి వచ్చేది.

వెన్న టీ ఎక్కువ తాగకు, నీకు పడదు.

నీ వదిన

*

ల్హాసా,
ఆషాఢ శుద్ధ పంచమి

వదినగారికి అష్టమాన్ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అన్నయ్య గురించి కంగారుపడకండి. దారిలో దిగర్చా చేరాక ఉన్ని వ్యవహారం ఒకటి అడ్డుపడింది. రెండు కంచరగాడిదలకు జబ్బు కూడా చేసింది. ఈలోగా వానలు పట్టుకున్నాయి. ఈ వానల్లో కదలడం మంచిది కాదని అక్కడే ఉండిపోయాడు. తీరిక చిక్కగానే తనే రాస్తానన్నాడు.

ఇక్కడ ఎండలు బాగా కాస్తున్నాయి. బార్లీ చేలు పచ్చగా ఉన్నాయి. నిన్న గాలి కూడా లేదు. ఆకాశం చాలా నీలంగా ఉంది.

అమ్మను కిటికీ దగ్గర అంతసేపు కూర్చోనివ్వకండి, నడుము నొప్పి చేస్తుంది. కేశరికి ఒక పగడం పంపుతున్నాను.

మీ మరిది అష్టమాన్

*

పాటన్,
ఆషాఢ బహుళ ద్వాదశి

అష్టమాన్‌కు,

పగడం బాగుంది. ఉత్తరమే బాగాలేదు.

నేను ఈ ఇంట అడుగుపెట్టేటప్పటికి నీకు పదేళ్ళు. అప్పటి నుంచి నీ అబద్ధం నాకు తెలుసు. అబద్ధమాడేటప్పుడు నువ్వు వాతావరణం గురించి మాట్లాడతావు. పైగా ఈసారి అన్నకు వానలు పట్టాయట, నీకు ఎండలు కాస్తున్నాయట! దిగర్చా అంత దూరమా?

ల్హాసా నుంచి ఉత్తరం రావడానికి నెల పడుతుంది. ఇది ఇరవై రోజుల్లో వచ్చింది. తెచ్చిన ఫుర్బాను వాకిట్లో కూర్చోబెట్టి అటుకులు పెట్టి అడిగాను.

"ఏం ఫుర్బా, ల్హాసా నుంచి పరుగెత్తుకుంటూ వచ్చావా?"

"నేను ల్హాసా ఎందుకు పోతానమ్మా? దిగర్చాలో చిన్న సావుకారే నా చేతికిచ్చాడు."

"పెద్ద సావుకారు బాగున్నారా?"

వాడు అటుకుల గిన్నె కింద పెట్టేశాడు. "నాకు ఆలస్యమవుతోంది" అని లేచి వెళ్ళిపోయాడు. సగం తిన్న గిన్నె వదిలి లేచే మనిషి కాడు ఫుర్బా.

కొట్టు మూసుకుని నువ్వు దిగర్చాలో ఎందుకున్నావు? ల్హాసా అని ఎందుకు రాశావు? నాకు తోచింది ఒక్కటే. అక్కడ రెండో సంసారం పెట్టుకున్న సావుకార్లు మన బజారులో ఎంతమంది లేరు? నేను గొంతు కోసుకునేదాన్ని కాను. ఆమె పేరు రాయి, పిల్లలుంటే ఎంతమందో రాయి. తెలియకపోవడం కంటే అది నయం.

అత్తయ్యకు నాలుగు రోజులుగా జ్వరం.

తీర్థలక్ష్మి

*

దిగర్చా,
శ్రావణ బహుళ దశమి

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చి వారం రోజులైంది. రోజూ కాగితం ముందు కూర్చుంటున్నాను, రోజూ మడిచి పెడుతున్నాను. అమ్మ జ్వరం సంగతీ చదివాను. ఎలా ఉందో వెంటనే రాయండి.

ఏ ఆడదీ లేదు వదినా. బుద్ధుడి మీద ఒట్టు. కానీ ఇంతకు ముందే ఇంకో ఒట్టు వేసి ఉన్నాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని అమ్మ తల మీద ప్రమాణం చేయించుకున్నాడు. దాన్ని తప్పితే ఏమవుతుందో అనుకుంటున్న సమయంలోనే అమ్మకు జ్వరమని మీరు రాశారు. నా స్థితి ఆలోచించండి.

ఇంతవరకే చెప్పగలను. అన్నయ్య మునుపటి మనిషి కాడు. ఇంటికి రానంటున్నాడు. ఎంత బతిమాలినా గోడ వైపు తిరిగి పడుకుంటాడు. నేను తనను వదిలి ల్హాసా వెళ్ళలేను.

నన్ను ఇంకేమీ అడగకండి.

అష్టమాన్

*

పాటన్,
భాద్రపద బహుళ నవమి

అష్టమాన్‌కు,

మునుపటి మనిషి కాడని నువ్వు రాసిన మాట పది రోజులుగా నమిలి మింగాను. ఆడది లేదంటావు, మనిషి మారాడంటావు, ఇంటికి రాడంటావు. నేనేమనుకోవాలి?

ఇక అది కాదు సంగతి. నిన్న సరిహద్దులోని కుతి నుంచి వచ్చిన వర్తకుడొకడు మీ పెదనాన్నగారికి ఒక మూట ఇచ్చాడు. అందులో మీ అన్నయ్య నడికట్టు, మెడలో వేసుకునే వెండి తాయెత్తు పెట్టె ఉన్నాయి. థోంగ్‌లా కనుమ మీద మంచు కరిగాక దొరికాయని ఎవరో ఇచ్చారట. ఆ వర్తకుడికి అంతకు మించి తెలియదు.

పెదనాన్నగారు మూట నడవలో పెట్టి, "తీర్థలక్ష్మీ, ఇంక దాచి లాభం లేదు. చక్రమాన్ పోయాడు" అన్నారు. అత్తయ్య ఏడవలేదు. ఆ తాయెత్తు పెట్టె తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు, ఇప్పటికీ దించలేదు. జ్వరం తగ్గిన మనిషికి మళ్ళీ తిండి లేదు.

వంశంలో పెద్ద ఆయనే కనక ఆయన మాటే నడవాలంటున్నారు. ఆశ్వయుజ అమావాస్యలోగా దర్భబొమ్మ చేసి బాగమతి ఒడ్డున దహనం చెయ్యాలట. అలా చేస్తే ఇంటికి ఏడాది మైల. కార్తీక పాడ్యమికి కొత్త సంవత్సరం వస్తుంది, ఆ సాయంత్రం ఒక్కొక్కరి పేరా మండలం ముగ్గు వేసి వాళ్ళ ఒంటికి చేసే పూజ మన ఇంట్లో ఉండదు. అత్తయ్యకు ఇది ఎన్నో పాడ్యమో, ఇంకెన్ని చూస్తారో! కర్మ చెయ్యకపోయినా సరే, పోయినవాడికి మాత్రం మండలం వెయ్యడానికి వీల్లేదంటున్నారు.

నువ్వేమో ఆషాఢంలో దిగర్చాలో ఉన్నారన్నావు, శ్రావణంలో గోడ వైపు తిరిగి పడుకున్నారన్నావు. ఆ మాటలు పెదనాన్నగారికి చెప్పాను. "అమ్మ గుండె ఆగిపోతుందని వాడు అబద్ధం రాస్తున్నాడు. మొదటి ఉత్తరం అబద్ధమని నువ్వే పట్టుకున్నావు కదా" అన్నారు.  నీ మాట చెల్లకుండా నువ్వే చేసుకున్నావు.

వరసలో అత్తయ్య తరవాత రెండో మండలం ఆయనది, ఏడేళ్ళుగా మనిషి ఇంట్లో లేకపోయినా వేస్తూనే ఉన్నాను. వెయ్యనా, వద్దా? ఒక్క మాట రాయి. పాడ్యమిలోగా అందాలి.

తీర్థలక్ష్మి

*

దిగర్చా,
ఆశ్వయుజ పౌర్ణమి

వదినా,

వెయ్యండి. అన్నయ్య బతికే ఉన్నాడు. పక్క గదిలో ఉన్నాడు. ఇప్పుడే దగ్గాడు.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. పాడ్యమికి పదిహేను రోజులే ఉన్నాయి. ఫుర్బాకు ఆ మాటే చెప్పాను. వాడు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి నేను రాయడం ముగించేదాకా చూస్తున్నాడు. అందుకే తొందరగా చెబుతాను.

ఫాల్గుణం ఆఖర్లో అన్నయ్య థోంగ్‌లా ఎక్కేటప్పటికి మంచు తుఫాను పట్టుకుంది. కంచరగాడిదలు తోలే నోర్బు వెనకబడిపోయాడు. అందరూ వద్దంటున్నా అన్నయ్య వాడి కోసం వెనక్కి వెళ్ళాడు. రెండు రోజుల తరవాత ఇద్దరూ ఒక బండ కింద దొరికారు. నోర్బుకు చేతివేళ్ళు రెండు పోయాయి. అన్నయ్యకు పాదాలు నల్లబడిపోయాయి. దిగర్చా తీసుకొచ్చారు. కబురందుకుని నేను వచ్చేటప్పటికి, తీసెయ్యకపోతే మనిషే దక్కడన్నాడు వైద్యుడు. రెండూ, చీలమండల పైదాకా. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని రథం చూపించినవాణ్ణి, నేనే భుజాలు పట్టుకుని కదలకుండా నొక్కి ఉంచాను.

నడికట్టు పంపిన సంగతి నాకు తెలియదు. మీ ఉత్తరం తన ముందు పెట్టి అడిగాను.

"ఇదేం పని అన్నయ్యా?"

"పోయాడంటే పదమూడు రోజులు ఏడుస్తారు. ఇలా వెళితే రోజూ ఏడుస్తారు. నువ్వు ల్హాసా పో. నన్నిక్కడ వదిలెయ్."

"అమ్మ తాయెత్తు పెట్టె ఒళ్ళోంచి దించడం లేదట."

 నేను రాత పనిముట్లు తీసుకుంటుంటే ఆపలేదు.

ఒట్టు తప్పాను వదినా. అమ్మకేమైనా అయితే ఆ పాపం నాదే. మీరు మండలం వెయ్యండి.

అష్టమాన్

*

పాటన్,
నేపాల్ సంవత్ 1068, కార్తీక శుద్ధ విదియ

అష్టమాన్‌కు,

నీ జవాబు రాలేదు. నిన్న పాడ్యమి గడిచిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అమావాస్యలోగా కర్మ చేయిస్తామని పెదనాన్నగారు రెండుసార్లు పురోహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. రెండుసార్లూ అత్తయ్య దుప్పటి ముసుగెట్టి, "ఒంట్లో బాగాలేదు, పొండి" అన్నారు. అలా పాడ్యమి దాకా లాక్కొచ్చారు.

మొన్న అమావాస్య మధ్యాహ్నం బట్టల పెట్టె తెరిచి నడికట్టు బయటికి తీశాను. వచ్చిన రోజు దాన్ని ముట్టుకునే ధైర్యం లేక అలాగే లోపల పెట్టేశాను. ఇప్పుడు వెలుగులో చూశాను. రెండు కొసల నుంచీ మధ్యకు చుట్టి ఉంది. అందరూ ఒక కొస నుంచి చుడతారు. పెళ్ళైన కొత్తలో నేను ఒక వైపు నుంచి చుడితే, విప్పి మళ్ళీ చుట్టుకున్న మనిషి ఆయన. మంచులో పడి పోయేవాడు నడికట్టు విప్పి, దులిపి, రెండు వైపులా సమంగా చుట్టి పక్కన పెట్టుకుని పోతాడా?

అంటే ఉన్నారు. ఉండి, లేననుకోమని పంపారు.

నాకెంత కోపం వచ్చిందంటే ఆ నడికట్టు పొయ్యిలో పెడదామని పై అంతస్తు వంటింటికెక్కాను. పొయ్యి దాకా వెళ్ళి ఆగిపోయాను. మనసు ఎవరి దగ్గరున్నా ఒంట్లో ప్రాణం ఉంది. మనం పూజ చేసేది ఆ ఒంటికే కదా. నాతో ఎలా ఉంటున్నాడని ఆ పూజలో ఎక్కడా అడగరు.

నిన్న పై అంతస్తులో ఎర్రమట్టితో అలికి, సాయంత్రం అయిదు మండలాలు వేశాను. నూనె గీత, బియ్యప్పిండి గీత, పేలాలు, ఉద్దులు, అన్నీ వేశాను. రెండోది ఆయనది. నీది మూడోది. వత్తులు పేర్చి, మాదీఫలాలు, అక్రోట్లు పెడుతుండగా పెదనాన్నగారు మెట్లెక్కి వచ్చారు. నిలబడి లెక్కపెట్టారు.

"అయిదా?"

"అయిదే."

"ఆ రెండోది ఎవరికి?"

"కేశరి వాళ్ళ నాన్నకి."

"పోయినవాడికి మండలం వేస్తావా? యముడికి కబురు పంపి పిలుస్తున్నావా ఇంటికి? చెరుపు!"

"పూజ కాకుండా చెరపకూడదని మీరే చెప్పారు మామయ్యగారూ."

"నాకే నేర్పుతావుటే?" అని మూలనున్న చీపురు అందుకున్నారు.

నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. కేశరి ఏడుపు మొదలుపెట్టింది. ఆయన చీపురు నేలకానించారు. ఒక్క ఊపు ఊపితే అయిదూ కలిసిపోయేవి. పూజ కాకుండా చెరిగితే ఇంటిల్లిపాదికీ ఈ ఏడాది ఆయుష్షు లేనట్టే.

అప్పుడు అత్తయ్య గోడ పట్టుకుని లేచి వచ్చి తన మండలం ముందు కూర్చున్నారు.

"బావగారూ, వాడు చచ్చిపోవడం మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. వస్తువులొచ్చాయి."

"నేను వాణ్ణి కన్నాను. వస్తువుల్ని కనలేదు. మీకు చెరపాలని ఉంటే ముందు నాది చెరపండి, దాటుకుని వాడి దాకా వెళ్ళండి. లేదంటే కూర్చోండి. వడలు చల్లారిపోతున్నాయి."

మండలాల మధ్య నుంచి దాటకూడదని ఆయనకూ తెలుసు.  తరవాత చీపురు గోడకానించి, "ఈ ఇంటికి నేనిక రాను" అని దిగి వెళ్ళిపోయారు. ఆయన వెనక్కి తిరగలేదు. నాకు బాధే వేసింది. ఆయనకూ తమ్ముడి కొడుకే కదా, నెల రోజుల్లో ఎంత ముసలివారైపోయారో!

అందరికీ బొట్టు పెట్టాను, దండలు వేశాను, శుభానికి గుడ్డు, చేప, సారా చేతికిచ్చాను. ఆయన వంతు ఆయన మండలం ముందు పెట్టాను. వత్తులన్నీ వెలిగాయి. నేను మాత్రం ఆయన వత్తి వైపు చూడలేదు. అంత కోపంగా ఉంది నాకు.

చవితి, మధ్యాహ్నం

పై ఉత్తరం పంపేలోగా ఫుర్బా వచ్చాడు. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. "ఆలస్యమైందా అమ్మా?" అన్నాడు. లేదన్నాను.

చదివాను. మెట్టు మీదే రెండోసారి చదివాను.

నీకెన్ని నెలలు పట్టింది ఈ మాట రాయడానికి! నేను ఈ నాలుగు నెలలూ లేని ఆడదానితో కాపరం చేశాను. దానికో పేరు పెట్టాను. వంట చేస్తూ తిట్టాను, బట్టలుతుకుతూ తిట్టాను. అది ఎక్కడుందో తెలిస్తే వెళ్ళి క్షమించమని అడిగేదాన్ని.

అత్తయ్యకు మొత్తం చదివి వినిపించాను. నువ్వు ఒట్టు తప్పినందుకు ఆమెకేమీ కాలేదు. తాయెత్తు పెట్టె ఒళ్ళోంచి దించి, "పాదాలేనా? ప్రాణమనుకున్నాను కదే" అన్నారు. తరవాత చాలాసేపు ఏడ్చి, అన్నం అడిగి తిన్నారు.

ఇక ఇది మీ అన్నయ్యకు చదువు. గట్టిగా చదువు.

మిమ్మల్ని పోయినవాడిగా పంపుకోవడానికి మీకు హక్కు లేదు. రోజూ ఏడుస్తామో లేదో మేం చూసుకుంటాం. మొన్న నేను పూజ చేసింది పాదాలకు కాదు, ఒంటికి. ఆ ఒళ్ళు ఎంత మిగిలితే అంత. ఇక్కడికి తీసుకురండి.

తీర్థలక్ష్మి

*

దిగర్చా,
మార్గశిర శుద్ధ పాడ్యమి

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. గట్టిగానే చదివాను.

దానికి ముందు ఇక్కడి పాడ్యమి సంగతి చెప్పాలి. మనవాళ్ళం పదకొండు మందిమి ఒక్క ఇంట్లో చేసుకున్నాం. అన్నయ్యను కూర్చోమంటే, "సగం మనిషికి సగం ముగ్గు వేస్తార్రా?" అని అందరి ముందూ నన్ను కసిరాడు. అందరూ తలలు దించుకున్నారు. నేను పూర్తిదే వేశాను. తను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజే అక్కడ మీరు చీపురుకు అడ్డం పడ్డారని అప్పుడు నాకేం తెలుసు?

మీ ఉత్తరంలో నడికట్టు సంగతి దగ్గరికొచ్చేసరికి అన్నయ్య ఇటు తిరిగాడు. "మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. "ఒక వైపు నుంచి చుట్టి ఉండాల్సింది" అన్నాడు. లేని ఆడదానికి మీరు పేరు పెట్టిన చోట నవ్వాడు. ఎనిమిది నెలల తరవాత నవ్వు విన్నాను వదినా, భయం వేసింది. అమ్మ మాట దగ్గర మాత్రం చేత్తో ఆపమని సైగ చేశాడు. మిగతాది మర్నాడు చదివాను.

మూడో రోజు పొద్దున "నోర్బును పిలు" అన్నాడు. నోర్బు వచ్చాడు. వీపుకు ఆనుకునే పలక ఉన్న జీను చెయ్యగలవా అని అడిగాడు. "జీను దేనికి సావుకారూ, నేను మొయ్యనా?" అన్నాడు వాడు. "గుర్రం పోయే చోట గుర్రం, పోలేని చోట నువ్వు" అన్నాడు అన్నయ్య.

కనుమల్లో మంచు పడుతోంది. ఈసారి తొందరపడను. చలి విరగ్గానే బయలుదేరతాం. పెదనాన్నగారికి నేను వేరే ఉత్తరం రాశాను, తప్పు నాదేనని. మీరు ఆయన ఇంటికి వెళ్ళి వడలు ఇచ్చి రండి.

ఇక్కడ వాతావరణం గురించి ఏమీ రాయను.

అష్టమాన్

*

కుతి,
చైత్ర శుద్ధ షష్ఠి

తీర్థలక్ష్మికి,

అష్టమాన్ గుర్రాల దగ్గర ఉన్నాడు. ఇది నేనే రాస్తున్నాను. ఏడాదిగా ఒక్క ముక్క రాయలేదు కనక అక్షరాలు పెద్దవిగా వస్తున్నాయి.

పది రోజుల కిందట థోంగ్‌లా దాటాం. కళ్ళు మూసుకుని దాటెయ్యాలనుకున్నాను. కానీ నోర్బు ఆ బండ దగ్గర ఆగి, "ఇక్కడే సావుకారూ" అన్నాడు. కళ్ళు తెరిచి చూశాను. చాలా చిన్న బండ. ఇద్దరం ఎలా పట్టామో తెలియలేదు. ఎండ కాస్తోంది. అందరం కాసేపు కూర్చుని వేయించిన బార్లీ పిండి తిన్నాం.

ఇక్కడి నుంచి దారి గుర్రానికి కుదరదు. నోర్బు వీపు మీద బుట్టలో కూర్చుని వస్తాను. దారిలో ఎవరైనా చూసి నవ్వితే నవ్వనీ అనుకుంటున్నాను. ఇవాళ అలా అనుకుంటున్నాను, రేపటి సంగతి చెప్పలేను.

గుమ్మం దగ్గర దించమని వాడికి చెప్పాను. మెట్లు నేనే ఎక్కుతాను, మోకాళ్ళ మీద. దిగర్చాలో నిచ్చెన మీద నెల రోజులు అలవాటు చేసుకున్నాను. మధ్యలో ఆగితే ఎవరూ వచ్చి పట్టుకోవద్దు. అమ్మను కూడా ఆపు. కేశరి భయపడితే మొదట నా దగ్గరికి పంపకు, దానికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వస్తుంది.

నడికట్టు సంగతికి నీ దగ్గర ఏం చెప్పుకోవాలో దారంతా ఆలోచించాను. ఏమీ దొరకలేదు. నువ్వు తిట్టదలచుకున్నవన్నీ సిద్ధంగా ఉంచుకో, ఒక్కటీ తగ్గించకు. ఏడేళ్ళూ ఈ ఏడాదీ కలిపి తిట్టు. వినడానికే వస్తున్నాను.

చక్రమాన్